ఆట, అప్పు, కేసు: జూదం వల్ల కేసుల్లో ఇరుక్కున్నవారి కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ కోర్టు ఆవరణలో, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీ వరుసలో, ములాఖత్ కోసం (జైల్లో ఉన్నవాళ్లను కలవడానికి) తెల్లారకముందే బస్సెక్కే చోట ఇవే ప్రశ్నలు వింటూ వచ్చాను. అడిగేవాళ్లలో తల్లులు, భార్యలు, అక్కలే ఎక్కువ. వకీలు కాకపోయినా న్యాయ సాయానికి దారి చూపే పారాలీగల్ వాలంటీరుగా తిరగడం మొదలుపెట్టిన కొత్తలో నా కళ్లకు కనిపించినవి దొంగతనం కేసులు, చిట్టీ పైసలు వాడుకున్న కేసులు, షాపు గల్లా ఖాళీ చేసిన కేసులు. ఇంటివాళ్లతో నిదానంగా కూర్చుని మాట్లాడితే లోపలినుంచి పత్తాలాటో (పేకాటో), క్రికెట్ బెట్టింగో, ఫోన్లో రమ్మీనో బయటికి వచ్చేది. కేసు కాగితాల్లో మాత్రం ఆ ముక్క ఉండేది కాదు. ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. అందుకే ఈ పేజీ రాశాను. మీకు ఏ ప్రశ్న అవసరమో అక్కడినుంచే చదవండి. ఇది వకీలు చేసే పని చేయదు, వకీలు ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలియజేస్తుంది.

## అసలు సంగతి

ఇది రోగమా, కావరమా? ఊర్ల అందరు కావరమే అంటున్నరు.

రోగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూద వ్యసనానికి విడిగా చోటుంది. అమెరికా మనోవైద్యులు 1980లోనే దీన్ని తమ జాబితాలో చేర్చారు. 2013లో దాన్ని సారా, మత్తుమందుల వ్యసనాల పక్కకు మార్చారు, ఎందుకంటే మెదడులో జరిగే తంతు దాదాపు ఒకటే. పైసలు పెట్టే కొద్దీ ఇంకా ఎక్కువ పెట్టాలనిపిస్తుంది, ఆపితే చిరాకు, నిద్రలేమి వస్తాయి, పోయిన పైసల కోసం మళ్లీ కూర్చుంటారు. మనవాళ్లు ఆట దగ్గర అనే మాట ఒకటుంది: "పోయిన చోటనే ఎతుక్కోవాలె." డాక్టర్లు చూసే ప్రధాన లక్షణాల్లో అది ఒకటి. దసరాకు, దీపావళికి సరదాగా నాలుగు ఆటలు ఆడి లేచిపోయేవాళ్లందరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. లేవలేనివాళ్ల సంగతే ఇక్కడ మాట్లాడుతున్నాం.

ఆడుతడు గని, అంత ముదిరిందో లేదో ఎట్ల తెలుస్తది?

రెండే రెండు ప్రశ్నలతో డాక్టర్లు మొదలుపెడతారు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నావో దగ్గరివాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఏ ఒక్కదానికి "అవును" వచ్చినా పూర్తిగా పరీక్ష చేయించాలి. ఇంట్లోవాళ్లకు కనిపించే గుర్తులు వేరు. జీతం పడిన రోజు సాయంత్రానికే అప్పు అడగడం, ఫోను బోర్లా పెట్టడం, బ్యాంకు మెసేజ్‌లు చెరిపేయడం, ఐపీఎల్ రోజుల్లో తెల్లవార్లూ మేలుకోవడం, బీరువాలో ఉండాల్సిన వస్తువు "రిపేరుకు ఇచ్చిన" అనడం. తాగుడులా వాసన రాదు, మాట తూలదు. అందుకే భార్యకు తెలిసేసరికి చాలాసార్లు బంగారం తాకట్టులోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఆటకు, దొంగతనానికి నిజంగ సంబంధం ఉంటదా? సాకు చెప్తుండేమో.

సంబంధం ఉంది. వివిధ దేశాల జైళ్లలో జరిగిన అధ్యయనాలను 2005లో కెనడా పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. ఖైదీల్లో దాదాపు మూడోవంతు మందికి జూద సమస్య ఉన్నట్టు తేలింది. అలాంటి ఖైదీలు చేసిన నేరాల్లో సుమారు సగం ఆట కోసమో, ఆట అప్పు తీర్చడానికో చేసినవని వాళ్లే చెప్పారు. బయటి జనాభాలో ఈ సమస్య నూటికి ఒకరిద్దరి దగ్గరే ఉంటుంది కాబట్టి తేడా ఎంత పెద్దదో ఆలోచించండి. బ్రిటన్‌లో ఈ విషయం మీదనే 2019లో ఒక కమిషన్ కూర్చుని 2023లో నివేదిక ఇచ్చింది.

నేను చూసినంతలో వరుస ఇలా నడుస్తుంది. ముందు సొంత జీతం పోతుంది. తర్వాత చేబదులు, లోన్ యాప్‌లు, మిత్తికి (వడ్డీకి) తెచ్చిన పైసలు. ఆ తర్వాత ఇంట్లో వస్తువులు, భార్య సంఘం పైసలు. చివరికి చేతికింద ఉన్న పరాయి సొమ్ము, అంటే గల్లా, చిట్టీ, కలెక్షన్ బ్యాగు. ప్రతి మెట్టు దగ్గరా వాడు మనసులో అనుకునేది "తిరిగి పెట్టేస్త" అనే. ఆ మాట వాడికి అబద్ధంలా తోచదు. బాధితుడికి మాత్రం దొంగతనం దొంగతనమే, ఆ నష్టాన్ని ఈ కారణం చెరిపేయదు.

మందుల వల్ల గూడ ఈ అలవాటు పడుతదా?

అరుదుగా పడుతుంది. వణుకుడు జబ్బుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్, మానసిక జబ్బులకు ఇచ్చే అరిపిప్రజోల్ కొందరిలో జూదం కోరికను ఉన్నట్టుండి పెంచుతాయి. ఎన్నడూ పత్తా ముట్టని పెద్దమనిషి మందు మొదలైన కొన్నాళ్లకు ఆడుతుంటే చీటీ పట్టుకుని రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. సొంతంగా మందు ఆపకండి.

## స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు

పేకాటల పట్టుబడ్డడు. ఇది ఎంత పెద్ద కేసు?

తెలంగాణలో దీనికి 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. అందులో జూదగృహం నడిపేవాడి తప్పు వేరు, అక్కడ కూర్చుని ఆడేవాడి తప్పు వేరు. నడిపేవాడికి శిక్ష ఎక్కువ. కాబట్టి మీ మనిషిని ఏ సెక్షన్ కింద చూపించారో ముందు తెలుసుకోండి. మామిడితోటలో పదిమంది ఆడుతుంటే ఆ తోట యజమానిని నిర్వాహకుడిగా రాయొచ్చు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పిన మాట నిజమే. ఆట నడిపేవాడు దానిమీద లాభం తీస్తే తప్పేనని అదే తీర్పులో ఉంది. 2017లో మన రాష్ట్రం చట్టాన్ని సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ రమ్మీతో సహా నిషేధంలోకి తెచ్చింది. "రమ్మీకి కేసు లేదంట" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ధైర్యంగా ఉండకండి.

ఇంకొకటి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్‌లో ముఠాగా కలిసి నడిపే అనధికార బెట్టింగ్‌కు ఏడాది నుంచి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. పత్తాలాడిన కేసు, బుకీ దగ్గర పనిచేసిన కేసు ఒకే బరువు తూగవు.

ఫోన్ల బెట్టింగ్ యాప్‌ల ఆడిండు. కొత్త చట్టం వచ్చింది గద, జైలైతదా?

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆడినవాడికి ఆ చట్టంలో శిక్ష పెట్టలేదు.

పిల్లలు ఇరుక్కునేది ఎక్కువగా వేరే చోట. "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము ఇయ్యి, నెలకు ఇన్ని పైసలు ఇస్తం" అని ఎవరో అడుగుతారు. ఆటలో అప్పుపడిన పోరడు ఇచ్చేస్తాడు. ఆ ఖాతాలో బెట్టింగ్ సొమ్ము, సైబర్ మోసం సొమ్ము తిరుగుతుంది. ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి పోలీసులు వచ్చేది అప్పుడే. మీవాడు ఖాతా ఇచ్చి ఉంటే ఈ రోజే బ్యాంకుకు వెళ్లి లిఖితపూర్వకంగా చెప్పి ఆపించండి, తర్వాత వకీలును కలవండి.

ఆట సంగతి పోలీసులకు చెప్పాల్నా, దాచాల్నా?

ముందు వకీలుకు చెప్పండి, పూర్తిగా, అప్పుల లెక్కతో సహా. వకీలుతో చెప్పిన మాటకు చట్టం రక్షణ ఇస్తుంది. పోలీసుల ముందు ఎప్పుడు ఏం చెప్పాలో వకీలు చూసుకుంటారు. డాక్టరు దగ్గర కూడా దాచొద్దు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. నా అనుభవంలో కుటుంబాలు సరిగ్గా తలకిందులుగా చేస్తాయి. స్టేషన్లో ఏడుస్తూ అన్నీ చెప్పేస్తారు, వకీలు దగ్గర మాత్రం పరువు పోతుందని దాస్తారు.

నోటీసు ఇచ్చి పంపిన్రు, అరెస్టు జెయ్యలే. ఇగ భయం లేదు గద?

ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాల్లో చాలావాటికి అరెస్టు బదులు హాజరవమని నోటీసు ఇస్తారు. పిలిచినప్పుడల్లా వెళ్లాలి, వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు.

నాకు భయమేసేది ఈ రోజుల గురించే. కేసు పెట్టినవాళ్లు "పైసలు కడితే వాపసు తీస్కుంటం" అంటారు. చేతిలో పైసలు లేవు. వాడి తలలో ఒకే దారి మెదులుతుంది, ఒక్క పెద్ద ఆట కొడితే అన్నీ తీరిపోతాయని. మొదటి కేసుకీ రెండో కేసుకీ మధ్య జరిగింది అదేనని నాకు చెప్పుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. నోటీసు వచ్చిన రోజే ఫోనులో యూపీఐ తీయించండి, ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకోండి, కేసు సెటిల్‌మెంటు మాటలు ఇంట్లో ఇంకో పెద్దమనిషి చేతికి ఇవ్వండి.

చచ్చిపోత అంటుండు. బెదిరిస్తుండా, నిజంగనేనా?

నిజమనే తీసుకోండి. జూదంలో మునిగినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు చాలా ఎక్కువ. అప్పు బయటపడిన రోజు, కేసైన రోజు, బెయిల్ మీద ఇంటికొచ్చిన మొదటి వారం మరీ కీడు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే ఇప్పుడే పక్కింటికి చేర్చండి, పత్తి చేలున్న మన ఊళ్లలో అది చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది. 14416 కు ఫోన్ చేస్తే టెలి-మానస్ వాళ్లు ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ప్రయత్నం జరిగిపోయి ఉంటే కేసవుతుందని భయపడి ఆస్పత్రి ఆలస్యం చేయొద్దు. తీవ్ర ఒత్తిడిలో చేసిన పనిగానే చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతుంది.

## రిమాండ్ రోజుల్లో

వరంగల్ జైలు లేదు గద, ఎక్కడికి తీస్కపోతరు?

1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి కూల్చారు, ఆ జాగను పెద్దాస్పత్రి కట్టడానికి ఇచ్చారు. అప్పటినుంచి ఇక్కడివాళ్లను ఖమ్మం, కరీంనగర్, చర్లపల్లి లాంటి దూరపు జైళ్లకు పంపడం మామూలైంది. ఏ జైలుకు పంపారో రిమాండ్ ఉత్తర్వులో రాసి ఉంటుంది, వకీలును అడగండి. ఊరి దగ్గర ములాఖత్‌కు ఆటోలో వెళ్లొచ్చిన కుటుంబాలకు ఇప్పుడు ఒక రోజు కైకిలి (కూలి), బస్సు కిరాయి పోతున్నాయి. దానివల్ల ములాఖత్‌లు తగ్గుతున్నాయి, అది నాకు చాలా బాధ. బయలుదేరే ముందు ఆ జైలు ములాఖత్ రోజులు, వేళలు, ఏ గుర్తింపు కార్డు కావాలో ఫోన్ చేసి కనుక్కోండి.

వకీలుకు పైసలు లేవు. ఉన్నయన్ని ఆటలనే పోయినయి.

కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక కాగితం రాసిస్తే చాలు, లేదా 15100 కు ఫోన్ చేయండి. బెయిల్ వచ్చినా ష్యూరిటీ సొమ్ము కట్టలేక లోపలే ఉన్న బీదవాళ్లకు 2023లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. అది మొదలైనప్పుడు విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షఖైదీకి 25,000 దాకా సాయం పెట్టారు. దీన్ని కూడా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరే అడగాలి.

తీర్పు రాకుండనే ఎన్ని రోజులు లోపల పెడ్తరు?

పోలీసులు అభియోగపత్రం వేయడానికి గడువుంది. పదేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. గడువు దాటితే బెయిల్ అడగడం హక్కు, అడగకపోతే మాత్రం అది దానంతట రాదు. విచారణ సాగుతూ పోతే మొదటిసారి నేరంలో ఉన్నవాడిని గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిచాక, మిగతావాళ్లను సగం గడిచాక బెయిల్ మీద వదలాలి. ఏడేళ్ల మోసం కేసులో మూడోవంతు అంటే రెండేళ్ల నాలుగు నెలలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకటికన్నా ఎక్కువ కేసులు నడుస్తుంటే ఈ వెసులుబాటు వర్తించదు. ఆట అప్పులవాళ్ల మీద సాధారణంగా నాలుగైదు కేసులుంటాయి, అందుకే చిన్న కేసుల్ని రాజీతో ముందుగా మూయించడం గురించి వకీలుతో మాట్లాడండి.

జమానతుకు నేను సంతకం పెట్టాల్నా? మా అన్న వద్దంటుండు.

అన్న భయంలో న్యాయముంది. వాడు వాయిదాకు రాకపోతే మీరు రాసిచ్చిన మొత్తం మీ నుంచి వసూలు చేయొచ్చు. సంతకం పెట్టేముందు వాడితో మూడు సంగతులు తేల్చుకోండి: ఎక్కడ ఉంటాడు, ఫోను ఎవరి దగ్గర ఉంటుంది, డాక్టరు దగ్గరికి ఏ రోజు వస్తాడు. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకపోవడం తప్పు కాదు. తల్లి ఆ మాట అనలేకపోతే ఇంకెవరైనా ఆమె తరఫున అనండి.

లోపల ఆట ఉండదు. జైల్ల ఉంటెనే నయమైతదేమో?

ఈ ఆశ చాలామంది తల్లులకు ఉంటుంది. వాళ్ల ముందు దాన్ని విరగ్గొట్టడం నాకు కష్టంగానే ఉంటుంది. కానీ పందేనికి పత్తాలే కావాలని లేదు. బీడీలు, బిస్కట్ పాకెట్లు, క్యాంటీన్ సరుకు మీద పందేలు కాయొచ్చు. టీవీలో మ్యాచ్ మీద కాయొచ్చు, రేపు ఎవరికి బెయిలొస్తుందో దానిమీద కూడా కాయొచ్చు. జైల్లో పడిన బాకీ బయటి బాకీ కన్నా ప్రమాదం, ఎందుకంటే అప్పిచ్చినవాడు పక్క చాపమీదే పడుకుంటాడు. కొట్లాటలు అక్కడినుంచే పుడతాయి. క్యాంటీన్‌కు పైసలు చాలట్లేదని మళ్లీ మళ్లీ అడుగుతుంటే, లేదా తెలియని వాళ్ల ఇంటికి పైసలు పంపమంటుంటే అనుమానించండి. తిట్టకుండా అడగండి.

ఒకవేళ లోపల నిజంగా ఆడకపోయినా జబ్బు నిద్రపోతుంది గాని చావదు. ఆటను మాన్పేది గోడ కాదు, చికిత్స. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ చెబుతోంది. జైలు వైద్యాధికారికి "నాకు జూదం అలవాటు ఉంది, ఆపలేకపోతున్నాను" అని ఖైదీ స్వయంగా చెప్పి కేసు షీటులో రాయించుకోవాలి. ములాఖత్‌లో మీరు ఈ ఒక్క మాట వాడితో చెప్పి రండి. ఆ రాత తర్వాత కోర్టులోనూ పనికొస్తుంది.

కల్లు గూడ తాగుతడు. లోపల ఇబ్బంది అయితదా?

అవుతుంది. మత్తుమందు కలిపిన కల్లు రోజూ తాగినవాడికి అది హఠాత్తుగా ఆగితే రెండుమూడు రోజుల్లో వణుకు, పిచ్చిమాటలు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. రిమాండ్‌కు ముందు వైద్యపరీక్షలోనే ఎంత తాగుతాడో డాక్టరుకు చెప్పండి.

## కోర్టులో

"జబ్బుంది" అని చెప్తె కేసు కొట్టేస్తరా?

కొట్టేయరు. చేస్తున్నది తప్పని తెలియనంత మతిస్థిమితం లేనివాడికే చట్టం మినహాయింపు ఇస్తుంది, జూదరికి తెలుసు. ఈ మాట పనికొచ్చేది శిక్ష దగ్గర. నేరం రుజువైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా మంచి ప్రవర్తన బాండు మీద వదిలే అధికారం కోర్టుకు ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే అవకాశమున్న నేరాలకు మాత్రం అది లేదు. ఇక్కడే ఉద్యోగుల కేసుల్లో పెద్ద తేడా వస్తుంది. షాపు గుమస్తా యజమాని సొమ్ము వాడుకుంటే గరిష్ఠం ఏడేళ్లు, ప్రొబేషన్ అడగొచ్చు. బ్యాంకువాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, ఏజెంట్లు తమకు అప్పగించిన సొమ్ము వాడుకుంటే యావజ్జీవం దాకా ఉంది, ఆ దారి మూసుకుపోతుంది.

ప్రొబేషన్ కోసం కోర్టు జిల్లా ప్రొబేషన్ అధికారి నివేదిక చూస్తుంది. ఆ అధికారి ఇంటికి వచ్చినప్పుడు "మావాడు బంగారం సార్, ఎవరో ఇరికిచ్చిన్రు" అని చెప్పే కుటుంబాలను చూశాను. ఆ మాటవల్ల మేలు జరగడం నేను చూడలేదు. ఆట సంగతి చెప్పండి, ఎప్పటినుంచి మానాడో చెప్పండి, ఓపీ చీటీలు, కౌన్సెలింగ్ తేదీలు, కట్టిన బాకీ రసీదులు ముందు పెట్టండి. అధికారి పర్యవేక్షణలో ఉండాలని, చికిత్స కొనసాగించాలని షరతు పెట్టమని మీ వకీలే అడగొచ్చు. ఇలా వదిలినవాళ్లకు శిక్షవల్ల వచ్చే అనర్హతలు అంటవని అదే చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. పాతికేళ్లలోపు పోరల విషయంలో ఇది జీవితమంత పెద్ద సంగతి.

సొమ్ము తిరిగి కడితె కేసు పోతదా?

దొంగతనం, మోసం లాంటి కొన్ని కేసుల్లో బాధితుడు ఒప్పుకుంటే రాజీకి వీలుంది, కొన్నిటికి కోర్టు అనుమతి కావాలి. లోక్ అదాలత్‌లో త్వరగా అవుతుంది. 5,000 లోపు దొంగతనం, మొదటిసారి, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు. కట్టే పైసలు ఎక్కడివన్నదే అసలు ప్రశ్న. మళ్లీ మిత్తికి తెచ్చి కడితే ఆ మిత్తి భారమే వాడిని తిరిగి ఆటకు తోస్తుంది. నెలనెలా కొద్దికొద్దిగా, వాడి కష్టార్జితంలోంచే కట్టే ఒప్పందం అడగండి.

వేరే దేశాల్ల దీనికి సెపరేట్ కోర్టులున్నయంట, నిజమేనా?

నిజమే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని యామ్‌హర్స్ట్ అనే ఊళ్లో 2001లో మొదటి జూద చికిత్స కోర్టు మొదలైంది. ముద్దాయి జైలుకు బదులు చికిత్సకు వెళ్తూ, క్రమం తప్పకుండా జడ్జి ముందు హాజరవుతాడు. కాసినోలకు పేరుపడ్డ నెవాడా రాష్ట్రం 2009లో ఇలాంటి చట్టం చేసింది. మన జిల్లాల్లో అలాంటి కోర్టు లేదు. ప్రొబేషన్ చట్టాన్ని మనసుపెట్టి వాడితే అందులో చాలాభాగం ఇక్కడే సాధ్యమని నా నమ్మకం.

## అప్పులవాళ్లు ఇంటిమీదికి వస్తే

బుకీ బాకీ కట్టాల్నా? రోజు ఫోన్లు జేస్తుండు.

పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. గెలిచిన పందెం సొమ్ము కోసం ఎవరూ కోర్టుకెక్కలేరు. కానీ ఆడడానికి మూడోమనిషి దగ్గర తెచ్చిన అప్పు వేరే, అది మామూలు బాకీ కిందే నిలబడొచ్చు. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చి ఉంటే జాగ్రత్త. చెక్కు తిరిగొచ్చాక నోటీసు వస్తే 15 రోజుల్లో కట్టాలి, లేకపోతే కేసు, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ నోటీసును చించి పారేయకండి, అదే రోజు వకీలుకు చూపించండి. వడ్డీ వ్యాపారానికి తెలంగాణలో నిజాం కాలపు (1349 ఫసలీ నాటి) చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, అది లేనివాడు గొంతు పెంచితే ఈ సంగతి గుర్తుచేయండి. కొడుతామని బెదిరిస్తే 100 కు ఫోన్ చేయండి. మీరు పూచీ సంతకం పెట్టకపోతే మొగుడి బాకీకి మీ జీతం, మీ బంగారం జవాబుదారీ కావు.

పుస్తెలతాడు అమ్మి కట్టిన. ఆర్నెల్లకు మల్ల అదే పని జేసిండు. నేనేం తప్పు జేసిన?

మీ తప్పు లేదమ్మా. ప్రేమ ఉన్నవాళ్లు చేసే పనే మీరు చేశారు. అప్పు ఒక్కసారిగా మాయమైతే జూదరి మెదడుకు అది కూడా ఒక గెలుపులాగే అందుతుంది. పడిపోతాననుకున్న చోట మళ్లీ ఎవరో పట్టుకున్నారు. అందుకే రెండోసారి కట్టకండి. అన్నం పెట్టండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, వాయిదాకు బస్సు కిరాయి ఇవ్వండి. అప్పు జాబితా మాత్రం వాడి చేతే రాయించి, వాడి చేతే కట్టించండి. జాబితా రాసేటప్పుడు ఒకట్రెండు అప్పులు దాస్తారు, ప్రతిసారీ. నెల తర్వాత మళ్లీ రాయించండి.

మీ స్త్రీధనం, ఇంటి సామాను అమ్మేస్తుంటే 2005 గృహహింస చట్టం దాన్ని ఆర్థిక హింస అంటుంది. అమ్మకుండా ఉత్తర్వు కోసం మేజిస్ట్రేటును అడగొచ్చు. 181 కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మొగుడిమీద కేసు పెట్టడమంటే తెగదెంపులు కానక్కర్లేదు, ఇల్లు నిలబెట్టుకోవడానికి కూడా ఆ ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లున్నారు.

## బయటికి వచ్చాక

ఎక్కడ చూపియ్యాలె? ఇంజక్షన్ ఏమన్న ఉంటదా?

వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. పెద్ద ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి. ఫోను వ్యసనాలకు బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఇంజక్షన్ లేదు. పనిచేసేది ముఖ్యంగా మాటల చికిత్స. ఏ గడియలో కోరిక పుడుతుంది, "ఈసారి వస్తది" అనే లెక్క ఎక్కడ తప్పుతోంది, ఆ గంట ఎట్లా దాటాలి అని వారంవారం కూర్చుని నేర్పిస్తారు. నాల్ట్రెక్సోన్ అనే మాత్ర కొందరిలో కోరికను తగ్గిస్తుంది, దిగులు, తాగుడు ఉంటే వాటికీ మందిస్తారు. ఓపీలో "నిద్ర పడ్తలేదు" అని మాత్రమే చెబితే నిద్రమాత్ర రాసి పంపిస్తారు. "జూదం" అనే మాట నోటితో అనండి.

పైసలు ఎవరి చేతుల పెట్టాలె?

కనీసం ఏడాదిపాటు వాడి చేతిలో వద్దు. జీతం భార్య లేదా అమ్మ ఖాతాలో పడేలా చేయండి, రోజుకు చాయ్‌కి, బస్సుకు సరిపడా ఇవ్వండి. కొన్నాళ్లు మామూలు బటన్ల ఫోను, అందులో పాత సిమ్ వద్దు, ఆ నంబరుకే బుకీలు లింకులు పంపుతారు. భూమి పాసు పుస్తకం, బంగారం ఇల్లు దాటించి నమ్మకమైన చోట పెట్టండి. ఇది వాడిని అవమానించడానికి కాదని ముందే కూర్చోబెట్టి చెప్పండి. కొందరు మొదట కోపపడి, రెండు నెలలకు "నా చేతిల పెట్టకు" అని వాళ్లే అంటారు.

జైలుకు పోయొచ్చినోనికి ఎవ్వరు పని ఇస్తలేరు.

వెతికేటప్పుడు ఒక్కటి చూసుకోండి, నగదు చేతిలో ఆడని పని. మెకానిక్ షెడ్డు, సెంట్రింగ్, వ్యవసాయం, కుట్టుపని ఏదైనా మంచిదే. కలెక్షన్ ఏజెంటు, క్యాషియరు, చిట్టీల పని, ఆటో కిరాయి లెక్కలు వద్దు. వారం కూలి శనివారం చేతికొచ్చే చోట మేస్త్రీతో మాట్లాడి ఇంటివాళ్లకు ఇప్పించండి.

మల్ల ఆడిండు. ఇగ అయిపోయినట్టేనా?

కాలేదు. ఈ జబ్బులో మధ్యలో ఒకట్రెండుసార్లు జారడం చాలామందికి జరుగుతుంది. జారినప్పుడు ఏం పోయిందో ఆ రాత్రికే చెప్పేస్తే, మరునాడే డాక్టరు దగ్గరికి వెళ్తే అది అక్కడితో ఆగొచ్చు. దాచి, దాన్ని పూడ్చడానికి మళ్లీ కూర్చుంటే పాత వరుస మొదలవుతుంది. అందుకని ఇంట్లో ఒక ఒప్పందం పెట్టుకోండి: చెప్పిన రోజు ఎవరూ తిట్టరు. బెయిల్ లేదా ప్రొబేషన్ మీద ఉన్నప్పుడు జారితే షరతు ఉల్లంఘన కిందికి వస్తుందో లేదో వకీలును అడగండి. కొత్త నేరం జరగకపోతే చికిత్స కాగితంతో ప్రొబేషన్ అధికారికి ముందుగానే చెప్పడం మేలు.

దసరా, దీపావళి, సంక్రాంతి, జాతరలు, ఐపీఎల్ రెండు నెలలు క్యాలెండర్లో గీత గీసి పెట్టుకోండి. నాకు తెలిసిన ఒక తల్లి ప్రతి దీపావళికీ కొడుకును వారం ముందే ములుగు దగ్గర అక్క ఇంటికి మిరపచేను పనికి పంపేస్తుంది. నాలుగేళ్లయింది. ఈ ఏడు వాడే ముందుగా అడిగాడంట, "అమ్మా, ఎప్పుడు పోవాలె?" అని.